చక్రాల టగ్గు గుర్తులు

“లాగకు బామ్మర్దీ, వల సిరిగిపోతాది!” పక్క పడవలోంచి అరిచాడు తాతారావు అక్క మొగుడు సత్తెయ్య.

తాతారావు ఇంకా గట్టిగా లాగాడు. అడుగున, తెల్లదొరల కాలంలో మునిగిన టగ్గు, అంటే ఓడల్ని లాగే పడవ, చక్రానికి వల చిక్కుకుంది.

“కొండమీద సర్చి, డాల్ఫిన్ నోస్ లైటౌసు ఒకే వరసకొచ్చే సోటు. కన్నకొడుకుని నానుండగా, అయ్య పోతాపోతా గుర్తులు నీకు సెప్పేడు! తలుపెనకనుంచి గుర్తులు విని, కోపంతో ఎల్లిపోనాను. టగ్గు కాడ సేరే సేపలన్నీ నువ్వొక్కడివే పట్టీడానికా?”

“నానిక్కడ ఎప్పుడైనా వలేసేనేటి?”

తాతారావు లాగడం ఆపాడు.

“ఇటేపు పోవొద్దని సెప్పేడు అయ్య. ఆయన వలలు రెండు దానికే సిక్కుకుని కిందే ఉన్నాయి.”

“మరి నాకెందుకు సెప్పలేదు?”

“వద్దంటే నువ్వు ముందు ఇక్కడికే వొస్తావంట. ‘ఎలాగూ ఒకనాడు ఎల్తాడు, ఎనకాలే ఎల్లి ఆణ్ణి సూసుకో’ అన్నాడు.”

నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస బావమరిది మీదకి విసిరి, వల విడిపించడానికి సత్తెయ్య దూకాడు.

తాతారావు వల వదిలేసి, తాడు రెండు చేతులా పట్టుకున్నాడు.