మాయమైన పన్నెండు శాతం

"దొరికింది!" అని ఫోన్లో ల్యాబు పెద్దాయన అరిచిన అరుపు, వంటింట్లో ఉన్న ఆమె భర్తకి కూడా వినిపించింది.

పెళ్ళయి సరిగ్గా నలభై ఒక్క రోజులు. కాఫీలో చక్కెర ఎవరు కలపాలన్నది కూడా ఇంకా ఇద్దరికీ ఆటే. అతనిది కళ్ళద్దాల దుకాణం. ఆమెది పరిశోధనశాల. సీసం కేంద్రకాలని దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టించి, అందులోంచి ఏం రాలిందో లెక్కపెట్టే ఉద్యోగం. అది ఈ నెలాఖరుతో సరి. అక్కడ పర్మనెంటు పోస్టు ఒక్కటే ఉంది. అది రాకపోతే ఆమె సముద్రం దాటి ఇంకో ల్యాబు వెతుక్కోవాలి. అతను రెండు కప్పుల ముందు ఒక్కడే కూర్చోవాలి.

ఫోన్ పెట్టేసి ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఏం దొరికిందట?"

"దొరకలేదు, పోయాయి. జెడ్ కణాలు."

అతను గరిటెతోనే హాల్లోకొచ్చాడు.

"మన రిసెప్షన్ గుర్తుందా?" అంది ఆమె. "మీ పెదనాన్నగారికి గేటు దగ్గర్నుంచి స్టేజీ ఎక్కడానికి గంట పట్టింది. అడుగడుక్కీ ఎవరో ఒకరు పట్టుకోవడమే. పైకొచ్చేసరికి ఫొటోకి నవ్వే ఓపిక కూడా లేదు పాపం."

"అయితే?"

"కేంద్రకాలు గుద్దుకున్నప్పుడు, ఒక్క క్షణం, వాటిలోని క్వార్కులూ గ్లూవాన్లూ అనే బుల్లి కణాలు కరిగిపోయి అలాంటి గుంపే తయారవుతుంది. దాన్ని ప్లాస్మా అంటాం. అందులోంచి వచ్చే క్వార్కు మీ పెదనాన్నలా నీరసపడిపోతుంది. జెడ్ అలా కాదు. ఆ రోజు మైకు బాగుచెయ్యడానికి ఓ కరెంటతను వచ్చాడే, ఆ బాపతు. గుంపుతో దానికి చుట్టరికం లేదు. ఎవరూ ఆపరు. వందమంది లోపలికెళ్తే వందమందీ బయటికి రావాలి. అందుకే దాన్ని కొలబద్దగా వాడతాం."

"మరిప్పుడు?"

"ఎనభై ఎనిమిది మందే వచ్చారట."

"మిగతా పన్నెండుమందీ భోజనాల బల్ల దగ్గర ఆగిపోయారేమో!"

ఆమె మళ్ళీ పడీపడీ నవ్వింది. అతనికి అర్థమైంది ఒకటే. ఇది పుస్తకాలు తిరగరాయించే సంగతి. మూడు నెలలు డేటా వడపోసి అందరి ముందూ పెట్టింది తన భార్య. కాబట్టి పోస్టు ఆమెదే.

సాయంత్రం దుకాణం పెందలాడే కట్టేసి ల్యాబుకి వెళ్ళాడు. అక్కడ కేక్ కోస్తున్నారు. కత్తి పెద్దాయన చేతిలో ఉంది. ఆ చెయ్యి పట్టుకుని ఆయన అల్లుడున్నాడు. ఈ అల్లుడుగారు రెండేళ్ళలో ల్యాబులో కనిపెట్టింది ఒక్కటే, ఏసీ గాలి ఏ కుర్చీకి బాగా తగులుతుందో.

"రావోయ్ కొత్త పెళ్ళికొడకా!" అన్నాడు పెద్దాయన. "నాకు ఆ జెడ్ మీద ఎప్పట్నుంచో అనుమానమే. మరీ అంత మర్యాదస్తురాలేంటి, ఎవర్నీ తాకకుండా వచ్చేయడానికి?"

అందరూ నవ్వారు. అల్లుడు కాస్త ఎక్కువసేపు నవ్వాడు.

బల్లమీద ఒక కాగితం ఉంది. ఎవరు ఏ పని చేశారో రాసి, సంతకం పెట్టి పైకమిటీకి పంపాలి. భర్త మెడ చాచి చదివాడు. ఆలోచన పెద్దాయనది. లెక్క అల్లుడిది. మొదటి ఫైలు నుంచి చివరి ఫైలు దాకా ఇద్దరూ స్వయంగా సరిచూశారు. తన భార్య పేరు అట్టడుగున ఉంది, ప్రింటరు బాగుచేసినతని పేరు తర్వాత.

"సార్, ప్రకటించేముందు ఒక్కసారి వడపొయ్యని మొదటి ఫైళ్ళ నుంచి లెక్కపెడదామా?" అంది ఆమె. "ఒక్కరోజు పని."

"కేక్ కోస్తుంటే ఆ అపశకునం మాటలేంటమ్మా? నువ్వు చిన్నదానివి. నీ పేరు ఇవాళ కాకపోతే రేపు మోగుతుంది."

"రేపేనా సార్?"

"అబ్బే, మాటవరసకన్నాను. రేపు తీరికెక్కడిది? పదింటికి ప్రకటన, పదకొండింటికి పోస్టు ఎంపిక. మావాడికి టై కూడా కొనేశాం."

ఆమె తలూపింది. పెన్ను మూత తీసి పెద్దాయనకి అందించింది. "ఇక్కడ సార్. తేదీ కూడా వెయ్యండి. స్వయంగా సరిచూశాం అన్నచోట ఇంకో సంతకం." తర్వాత అదే పెన్ను అల్లుడికిచ్చింది. కాగితం తనే స్కాన్ చేసి పంపింది. భర్త పళ్ళు నూరుకుంటూ కేక్ ముక్క తిన్నాడు. కేక్ బాగుండటం ఇంకా కోపం తెప్పించింది.

బస్టాపులో పేలిపోయాడు.

"నోట్లో నాలుక లేదా నీకు? నీ కష్టం దోచుకుపోతుంటే పెన్ను మూత తీసి మరీ ఇస్తావా? నువ్వెళ్ళిపోతే నా గతేంటని ఆలోచించావా? రేపు నేనొస్తా. పదింటికి, అందరి ముందూ, ఆ మామా అల్లుళ్ళని కడిగి ఆరేస్తా!"

ఆమె ఫోన్ మోగింది. కాగితం అందిందని కమిటీ జవాబు. అది చూసుకుని ఫోన్ సంచిలో వేసేసి, అతని చెయ్యి పట్టుకుంది.

"తప్పకుండా రా. ముందు వరసలో కూర్చో. కానీ నువ్వు నోరు నొప్పించుకోనక్కర్లేదు, మాట్లాడమని కమిటీవాళ్ళు నాకే చెప్పారు."

"ఏం మాట్లాడతావు నువ్వు?"

"ఆ జెడ్‌లు ఎక్కడికీ పోలేదు బాబూ, వీళ్ళు కళ్ళు తెరుచుకుని పనిచేస్తున్నారో లేదో చూడమని కమిటీ రహస్యంగా చెబితే నేనే వడపోతలో తీసి దాచాను, రేపు పదింటికి అందరి ముందూ తిరిగిచ్చేస్తాను."