తొలి గెలుపు బంతి

"బంతేదన్నా?"

విల్కిన్ అడగ్గానే జట్టులో సీనియర్ హిరుమ నాలిక కరుచుకున్నాడు. ఆఖరి బంతి పట్టింది అతనే. పట్టి, అలవాటు చొప్పున పక్కనున్న గ్యాలరీలోకి విసిరేశాడు. జపాన్ బేస్‌బాల్‌లో ఈ డొమినికన్ కుర్రాడు బంతి విసిరి గెలిపించిన తొలి ఆట ఇదేనని ఆ తర్వాత గానీ గుర్తు రాలేదు. తొలి గెలుపు బంతి అమ్మానాన్నల చేతిలో పెట్టడం అక్కడి ఆనవాయితీ.

హిరుమ టోపీ తీసి నడుం వంచేశాడు. "తప్పయిపోయింది తమ్ముడూ. కొట్టాలనుంటే కొట్టు."

"కొట్టడం దేనికన్నా, బంతి తెప్పించు చాలు." విల్కిన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "తొకికో అమ్మకిస్తానని మాటిచ్చాను. నాకు వేరే అమ్మ లేదుగా."

తొకికో ఆటగాళ్ల హాస్టల్లో వంటమనిషి. తవుడులో ఊరేసిన ముల్లంగి, ముక్కు మూసుకుని తినాల్సిన జిగురు సోయా గింజల నాటో దగ్గరుండి తినిపించి, ఇంటికి పారిపోతానన్న కుర్రాణ్ని నిలబెట్టింది ఆవిడే. ఆటంటే మాత్రం ఆవిడకి గిట్టదనే అనుకుంటారంతా. టీవీలో వీళ్ల జట్టు కనబడితే చాలు, వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆ రోజు కూడా మోకాళ్ల నొప్పులని సెలవు పెట్టింది.

దుబాసీ నగాతొమో రొప్పుతూ వచ్చాడు. "బంతి దొరికింది, కానీ దొరకనట్టే. ఎవరో పెద్దావిడ చేతిలో పడింది. అదీ ఓడినవాళ్ల గ్యాలరీలో! నెత్తి నుంచి కాళ్ల దాకా వాళ్ల ఆకుపచ్చ రంగే. సంతకాల బ్యాటు ఇస్తామన్నా ససేమిరా అంటోంది."

"ఏం కావాలట?"

"'ఒకసారి పారేసినవాళ్లు మళ్లీ పారేయరని ఏంటి నమ్మకం? ఆ పిల్లాణ్నే రమ్మను. చెమట చొక్కాతో కాదు, పొడి చొక్కా వేసుకుని రమ్మను' అంటోంది. ఓడిన కడుపుమంట, ఏం చేస్తాం!"

విల్కిన్ చొక్కా మార్చుకుని గ్యాలరీ మెట్లెక్కాడు. చుట్టూ ఆకుపచ్చ చొక్కాలు, ముడుచుకున్న మొహాలు.

"మమ్మల్ని ఏడిపించింది చాలక బంతి కూడా కావాలా నాయనా?" అన్నారెవరో.

పెద్దావిడ కళ్ల దాకా టోపీ లాక్కుంది. మూతికి మాస్కు, మెడలో ఆకుపచ్చ తువ్వాలు. విల్కిన్ టోపీ తీసి వంగాడు.

"మామ్మగారూ, దయచేసి ఇవ్వండి. మా అమ్మకివ్వాలి."

ఆవిడ బంతిని రెండు చేతులతో పట్టుకుని అతని అరచేతిలో పెట్టింది. ఆ వేళ్ల నుంచి తవుడు ముల్లంగి వాసన వచ్చింది.

విల్కిన్ తల ఎత్తాడు. టోపీకీ మాస్కుకీ మధ్య ఉన్న కళ్లు నిండుగా తడిసి ఉన్నాయి. అతను బంతిని మళ్లీ ఆవిడ చేతుల్లోనే పెట్టి, వేళ్లు మూశాడు.

"ఇచ్చేశాను," అన్నాడు.

ఆవిడ అటూ ఇటూ చూసి, మాస్కు కాస్త కిందికి లాగి గుసగుసలాడింది: "అన్నం మీకు వండినా, పుట్టింటి జట్టుని ఎలా వదులుకోనురా! ఈ ఆకుపచ్చ చొక్కా సంగతి హాస్టల్లో ఎత్తావో, రేపు నీకు రెండు గిన్నెల నాటో!"