పదకొండు పేర్లు

హెడ్‌మిస్ట్రెస్ విద్యావతి వరండాలోకి వచ్చేసరికి రెండో తరగతి పిల్లలంతా ఒక కన్ను చేత్తో మూసుకుని నిలబడి ఉన్నారు.

ఎదురుగా గోడ మీద సుద్దముక్కతో గీసిన, ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ళ గుర్తులు. పెద్దవి పైన, చిన్నవి కింద. కొన్నిటి కాళ్ళు కుడికి, కొన్నిటివి ఎడమకు. కాళ్ళు ఎటున్నాయో పిల్లలు వేలితో చూపించాలి. చూపించలేనివాళ్ళ పేర్లు విక్టోరియా టీచరు కాగితం మీద రాసుకుంటోంది.

అది 1967. బడి నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉంది. పురిటికి వెళ్ళిన టీచరు బదులు నలభై అయిదు రోజుల కోసం విక్టోరియాను తీసుకున్నారు. ఆమె వచ్చి అప్పటికి పది రోజులే. సన్నటి మనిషి, మందపాటి కళ్ళద్దాలు. అడిగితే తప్ప నోరు విప్పదు.

పాఠాలు మానేసి ఈ ఆటలేమిటని విద్యావతి అడిగింది.

మానలేదని, ఇది ఆటల గంటేనని, ఒకటో తరగతినీ మూడో తరగతినీ కూడా ఇలాగే చూస్తున్నానని విక్టోరియా నెమ్మదిగా చెప్పింది.

మూడు రోజుల తర్వాత శ్యామ్‌సుందర్ బడికి వచ్చాడు. ఆబిడ్స్‌లో ఆయనకు బట్టల దుకాణం ఉంది. ఆయన కూతురు కమలకు ఎడమ కన్ను ఆనడం లేదని విక్టోరియా ఇంటికి చీటీ రాసి పంపిందట.

"ఏడేండ్ల పిల్ల. సూదిల దారం ఎక్కిస్తది. దానికి చూపు లేదంటరా? నలుగురు వింటే ఏమనుకుంటరు? గామెనన్న తీసేయిన్రి, లేకుంటే నా బిడ్డనన్న తోల్కపోత."

ఏటా బీద పిల్లలకు యూనిఫారం గుడ్డ ఇచ్చేది ఆయనే. ఆ సాయంత్రమే విద్యావతి విక్టోరియాను పిలిచి, రేపటి నుంచి రానక్కర్లేదంది.

విక్టోరియా కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. అందులో పదకొండు పేర్లున్నాయి.

"వీళ్ళను కళ్ళ దవాఖానకు పంపిన్రి మేడమ్. కమలను మాత్రం జర జల్ది పంపాలె. పెద్దగైతే గా కన్ను మల్ల రాదు."

కాగితం సొరుగులోకి పోయింది. విద్యావతి దాన్ని చింపెయ్యలేదు, విప్పి చూడనూ లేదు.

వారం గడిచాక ఒక పొద్దున కమల హాజరు పుస్తకం ఇవ్వడానికి ఆమె గదికి వచ్చింది. ఎందుకు చేసిందో తనకే తెలియదు గానీ, విద్యావతి ఆ పిల్ల కుడి కన్ను అరచేత్తో మూసింది. రెండో చెయ్యి ముందుకు చాచి, ఎన్ని గాజులున్నాయో లెక్కపెట్టమంది.

కమల మెడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీరు గాజులు ఏసుకున్నరా మేడమ్?"

మర్నాడు విద్యావతి తానే ఆబిడ్స్ వెళ్ళి శ్యామ్‌సుందర్‌ను దుకాణంలోంచి లేవదీసింది. తండ్రినీ కూతురినీ రిక్షాలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకెళ్ళింది.

పని అంతా కుడి కన్నే చేసేస్తుంటే ఎడమ కన్ను చూడటమే మరిచిపోతోందని డాక్టరు చెప్పాడు. అద్దాలు రాశాడు. మంచి కన్నుకు రోజూ కొన్ని గంటలు గుడ్డ కట్టి, బద్ధకపు కన్నుతో పని చేయించమన్నాడు. ఇంకో రెండు మూడేళ్ళు ఆగి వస్తే చేయగలిగింది పెద్దగా ఉండేది కాదన్నాడు.

పనిలో పనిగా శ్యామ్‌సుందర్ కళ్ళు కూడా చూశాడు. ఆయన కొన్నేళ్ళుగా పేపరు చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదువుతున్నాడు.

"పేపరోళ్ళే అక్షరాలు చిన్నగ చేసిన్రనుకున్న," అన్నాడు ఆయన సిగ్గుపడుతూ.

ఆ నెలలోనే మిగతా పదిమందీ దవాఖానకు వెళ్ళారు. తొమ్మిదిమందికి అద్దాలు వచ్చాయి. ఒక పిల్లకు ఎ విటమిన్ లోపంతో చూపు మసకబారుతోందని చేపనూనె మందు ఇచ్చారు. కాగితంలో ఒక్క పేరూ తప్పు కాలేదు.

ఆరు నెలలయ్యేసరికి కమల కుడి కన్ను మూసుకుని, ఆబిడ్స్‌లో దుకాణాల బోర్డులన్నీ ఎడమ కన్నుతో చదివేస్తోంది. కూతురితో ఆ రోడ్డు దాటాలంటే గంట పడుతోందని శ్యామ్‌సుందర్ ఎదురైన వాళ్ళందరికీ సంబరంగా చెప్పుకుంటున్నాడు.

బడిలో ఒక పర్మనెంటు పోస్టు ఖాళీ అయింది. అది విక్టోరియాకే ఇవ్వాలని విద్యావతి అనుకుంది. దరఖాస్తులో ఉన్న అడ్రసు పట్టుకుని చాపెల్ రోడ్డుకు వెళ్ళింది.

తలుపు తీసింది విక్టోరియా మేనత్త మేరమ్మ. వచ్చింది బడి హెడ్‌మిస్ట్రెస్ అని తెలిసి కుర్చీ వేసింది.

"జూన్‌ల మెదక్ వోయిందమ్మా. గాడ మిషన్ బడిల నౌకరీ. ఇగ రాదు. గా నౌకరీ ఖాయమైనంకనే మీ బడికి వచ్చింది."

మరి మా బడికి రావలసిన అవసరమేమిటని విద్యావతి అడిగింది.

మేరమ్మ చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు విక్టోరియాకు బోర్డు కనిపించేది కాదు. కనిపించడం లేదని చెప్పడం కూడా ఆ పిల్లకు తెలియదు, అందరికీ అంతేననుకుంది. నాలుగో తరగతిలో మొద్దు అని బడి మాన్పించారు. మూడేళ్ళు ఇంట్లోనే ఉంది. తర్వాత మెదక్‌లో ఒక డాక్టరమ్మ చూసి అద్దాలిస్తే మళ్ళీ చదువుకుంది.

"నౌకరీల చేరే ముందల మా బడికి ఒక్కపారి పోయొస్త అత్తమ్మా అన్నది. గా బెంచీల మీద నా లెక్క ఇంకెవరన్న కూసున్నరో చూసొస్త అన్నది."

విద్యావతి బడికి తిరిగి వచ్చి, అటక మీది పాత రిజిస్టర్లు దించి, దరఖాస్తులోని వయసును బట్టి లెక్కకట్టి 1950 నాలుగో తరగతి పుట తీసింది.

"విక్టోరియా: చదువుకు పనికిరాదు, పేరు కొట్టివేయడమైనది" అన్న ఆ గుండ్రటి చేతిరాత, ఆ ఏడే కొత్తగా టీచరుగా చేరిన విద్యావతిదే.