తడబడే స్లైడు

"మళ్లీ ఆగింది," అంది డాక్టర్ ఇంగున్. "ఈ స్లైడులో పడవ అలల మీద పోతున్నట్టు ఉండాలి. ఇదేమో బురదలో దిగబడినట్టు పోతోంది."

ఓడ్వర్ లాప్‌టాప్‌ని తన వైపు తిప్పుకున్నాడు. నార్వే దేశపు బేర్గెన్‌లోని ఆ ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసేది అతనే. భోజనాల తర్వాత బోర్డు సమావేశం. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు, ఆ ఫియోర్డుల గట్ల మీది ఊళ్లన్నీ తిరిగే గుండె పరీక్షల వ్యాన్‌కు వాళ్లు ఒప్పుకోవాలి. ఈసారి కాదంటే ఇక ఆ మాటే ఎత్తనివ్వరు. ఏళ్ల తరబడి వానలో, మంచులో పడవలెక్కి ఆ ఊళ్లకు ఒంటరిగా వెళ్లొస్తున్నది ఇంగున్. ఆమె కోసం ఓడ్వర్ ఒక పూట భోజనం మానేయడానికైనా సిద్ధమే.

"ఒంట్లో బాగున్నవాళ్లకు పరీక్షలెందుకు అంటున్నారట?" అన్నాడు.

"ఎప్పుడూ అదే పాట. మాటలు ఎలాగూ వినరు, బొమ్మలైనా చూస్తారని నా ఆశ."

"మీరు చెబితే విననివాళ్లు ఇంకెవరు చెప్పినా వినరు."

"పొగడ్తలు తర్వాత. ముందు పడవ నడుపు."

ఓడ్వర్ నవ్వి సెట్టింగులు తెరిచాడు. "గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉంది. బొమ్మలు కదిపే పనంతా గ్రాఫిక్స్ కార్డు నెత్తిన పడుతోంది. ఈ ముసలి కార్డు మోయలేకపోతోంది. తీసేస్తున్నా."

టిక్కు తీసి, స్లైడ్ షో మళ్లీ మొదలుపెట్టాడు. పడవ హాయిగా సాగిపోయింది.

"నీ చేతిలో ఏదో ఉందయ్యా," అంది ఇంగున్.

తర్వాతి స్లైడులో స్కానింగ్ యంత్రం తీసిన గుండె. కొట్టుకుంది, కొట్టుకుంది, ఆగింది. మళ్లీ గబుక్కున అందుకుంది.

"ఇది మాత్రం మారాం చేస్తోంది. ఎవరిదిది?"

"జబ్బంటే ఎరగని మొండిఘటానిది. నిన్న కొత్త యంత్రం పనిచేస్తోందో లేదోనని నర్సు తీసింది. నేను చూసుకోకుండానే తెచ్చి అతికించాను. ఆరోగ్యమైన గుండె ఇలా ఉంటుందని చూపించాలి. ఇలా తడబడితే బోర్డు నవ్విపోదూ?"

ఓడ్వర్ గ్రాఫిక్స్ కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం కొత్తది వేశాడు. స్లైడ్ షో రిజల్యూషన్ తగ్గించాడు. మిగతా స్లైడులన్నీ నీళ్లలా జారిపోతున్నాయి. గుండె మాత్రం సరిగ్గా అక్కడే ఆగుతోంది. చివరికి ఆ గుండె ఫిల్మును స్లైడ్ షోలోంచి బయటికి తీసి, విడిగా నడిపాడు. అదే తంతు.

అతను తెర మీదికి వంగాడు. ఫిల్ము మూలన సెకన్లు చూపించే గడియారం ఉంది.

"డాక్టర్, ఇటు చూడండి. ఫిల్ము ఆగితే ఈ గడియారమూ ఆగాలి కదా. ఇది ఆగట్లేదు. అంటే తడబడుతున్నది ఫిల్ము కాదు."

ఇంగున్ కుర్చీ ముందుకు లాక్కుంది. మళ్లీ ఒకసారి వేయమంది.

"ఇక దీన్ని ముట్టుకోకు. ఇలాగే చూపిద్దాం," అంది. "బాగున్నవాళ్లకు పరీక్షలెందుకో బోర్డుకు ఇంతకన్నా బాగా నేను చెప్పలేను."

ఈ మనిషి దేనికీ బెదరదు అనుకున్నాడు ఓడ్వర్. అయినా అతని మనసు ఒప్పుకోలేదు.

"పాపం, ముందు ఆ మనిషికి చెప్పొద్దూ?"

"తెలిసింది."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే," అంది ఇంగున్, తెల్లకోటు బొత్తాలు పెట్టుకుంటూ. "అది నా గుండె."