బస్సు కూడా లేని చోటు

"పాముల యాప్ పెట్టావా?" అంది కనకదుర్గ.

"పెట్టాను అమ్మా." కౌశల్ కొత్త ఫోను తల్లి ముఖం ముందు పెట్టాడు. పాముని ఫొటో తీస్తే అది ఏ జాతిదో, విషం ఉందో లేదో చెప్పే యాప్ అది.

"ఫొటో తీసేదాకా అది ఆగుతుందా?"

సోఫాలో కూర్చున్న రాజారావు, "స్మైల్ ప్లీజ్ అంటే ఆగుతుంది," అన్నాడు. భార్య చూసిన చూపుకి మళ్లీ టీవీలోకి తలదూర్చాడు.

కనకదుర్గ భయం కనకదుర్గది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టి, పియారా వాటర్స్ పేటలోని ఈ ఇంట్లో పెరిగిన కొడుకు, ఇరవై రెండేళ్లలో ఒక్క రాత్రి కూడా అమ్మ లేని కప్పు కింద పడుకోలేదు. స్కూలు వాళ్లు క్యాంపుకి తీసుకెళ్తామన్నప్పుడల్లా జ్వరమని ఉత్తరం రాసిచ్చి ఆపేసింది. ఇప్పుడు వాడికి ఉద్యోగం వచ్చింది. వేరే ఉంటానంటున్నాడు. "ఐ నీడ్ మై ఓన్ స్పేస్, అమ్మా" అట.

నెల రోజులు ఏడ్చి, చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. తను చెప్పిన యాప్‌లన్నీ ఫోనులో ఉండాలి. ఒక్కటి తగ్గినా ప్రయాణం రద్దు.

"కార్చిచ్చు యాప్?"

"డన్."

"బస్సుల యాప్?"

"అక్కడికి బస్ లేదమ్మా."

"పోనీ రైలు?"

"నో ట్రైన్."

కనకదుర్గ గుండె మీద చెయ్యి వేసుకుంది. "బస్సు కూడా లేని చోటికి పంపిస్తున్నానన్నమాట నా బిడ్డని! ఏమండీ, వింటున్నారా?"

"నేను చూసొచ్చాను కదే. బాగానే ఉంది."

"మీకేం, మీకన్నీ బాగానే ఉంటాయి. దారిలో వీధి దీపం కూడా లేదు. ఒరేయ్, అందులో టార్చి వెలుగుతుందా? వెలిగించి చూపించు. ఊఁ. ఇంక భోజనం తెప్పించుకునే యాప్ పెట్టు."

"అది పెట్టి లాభం లేదు," అన్నాడు రాజారావు. "ఆ ఇంటికి నంబరు లేదు. డెలివరీ వాళ్లకి దొరకదు."

అంతే. కనకదుర్గ వంటింట్లోకి పరుగెత్తింది. గోంగూర పచ్చడి సీసా, కందిపొడి డబ్బా, పెరుగు గిన్నె, ఇంకేవో మూటలు తెచ్చి కొడుకు సూట్‌కేసులో కుక్కింది.

"అమ్మా, ప్లీజ్! నా షర్ట్స్!"

"చొక్కాలు తింటావా?"

ఇక మిగిలింది పంచాంగం యాప్. అది తనే దగ్గరుండి చూసుకుంది. ఎనిమిదిన్నర నుంచి పదింటి దాకా వర్జ్యం అని ఉంది. గోడ గడియారం పదిన్నర దాటింది.

"హమ్మయ్య, వెళ్లిపోయింది. పదకొండింటికి బయల్దేరుదువుగాని."

కౌశల్ ఫోను అటూ ఇటూ నొక్కాడు. "అమ్మా, దిస్ ఈజ్ సెట్ టు విజయవాడ. పెర్త్ టైమ్‌కి మార్చాను. ఇప్పుడు చూడు."

పదకొండు నుంచి పన్నెండున్నర.

"అదేంట్రా, ఇక్కడికి వర్జ్యం కూడా ఆలస్యంగా వస్తుందా? ఇంక ఇరవై నిమిషాలే! లే, లే! ఏమండీ, ఆ టీవీ కట్టేయండి. ఎవరూ తుమ్మకండి!"

హడావిడిగా ఫోనుకి కుంకుమ బొట్టు పెట్టింది. అది సరిగ్గా కెమెరా మీద పడింది. కౌశల్ చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తల్లిని వాటేసుకున్నాడు. సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

కనకదుర్గ వంటింటి బల్ల మీద చేతులానించి తన ఫోను తెరిచింది. పిల్లలు ఎక్కడున్నారో మ్యాపులో చూపించే యాప్ అందులో ఉంది. వాడొక నీలం చుక్క.

పది నిమిషాలు చూసింది. చుక్క కదల్లేదు.

"ఏమండీ! వాడు ఎక్కడికీ చేరలేదు. ఇంకా ఇంటి దగ్గరే చూపిస్తోంది."

"ఇప్పుడేగా వెళ్లాడు."

"పది నిమిషాలైంది! కళ్లు తిరిగి పడిపోయాడేమో. పామేమైనా... మీరు కూర్చోండి, హాయిగా కూర్చోండి!" కొడుకు నంబరు నొక్కింది. "ఎత్తడం లేదండీ! వాడు ఎత్తడం లేదు!"

మూడో రింగు మోగేలోపే, వంటింటి కిటికీకి ఎదురుగా పెరట్లో బట్టలారేసిన తీగకి అవతల, పోయిన నెల కట్టించిన ఒంటిగది గ్రానీ ఫ్లాట్ తలుపు తీసి కౌశల్, "అమ్మా, నువ్వు అరుస్తుంటే ఇక్కడికి వినిపిస్తోంది, మళ్లీ ఫోన్ ఎందుకు?" అన్నాడు.