నొప్పి లేదు

ఆయన గదిలోకి వస్తూనే గోడ పట్టుకున్నాడు. గోడ నుంచి కుర్చీకీ, కుర్చీ నుంచి బల్లకీ చేరేసరికి నుదుటి నిండా చెమటలు.

ఫిజియోథెరపీ చేసే ఆ అమ్మాయి ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. పట్టడు కూడా. బట్టల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు డాక్టరుగా వెలగబెట్టినవాడికి మనుషుల ముఖాలతో పనేముంది? టోకెన్ నంబరు చూసేవాడు, రబ్బరు స్టాంపు గుద్దేవాడు. "నొప్పి లేదు. పనికి పంపవచ్చు."

ఆమె తల్లి కడుపు పట్టుకుని మూడు రోజులు వరసగా ఆయన గదికి వెళ్ళింది. మూడు స్టాంపులు పడ్డాయి. నాలుగో రోజు కుట్టుమిషను మీదే వాలిపోయింది. మళ్ళీ లేవలేదు. కూతురికప్పుడు పదహారేళ్లు.

"ఆరేళ్లయిందమ్మా ఈ నడుంనొప్పి," అన్నాడాయన. "అన్ని స్కానులూ తీశారు. ఏమీ లేదంటారు. ఇంట్లోవాళ్లయితే నాటకమంటున్నారు. నిజంగా నొప్పమ్మా! నా మీద ఒట్టు."

ఆ మాట వినగానే ఆమె కడుపు చల్లబడింది. ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది. సరిగా వినపడనట్టు ముఖం పెట్టి, చెప్పించుకుంది కూడా.

లోపలి గదిలో పెద్ద థెరపిస్టు ఆమె చెయ్యి పట్టి ఆపింది. తల్లి ఎలా పోయిందో ఆవిడకు తెలుసు.

"ఈ పేషెంటును నాకిచ్చెయ్. నీవల్ల కాదు."

"నావల్లే అవుతుందక్కా."

"అదే నా భయం. మన నోట్లోంచి వచ్చే ఒక్క మాట చాలే! 'మీ వెన్నుపూస అరిగిపోయింది, వంగితే విరిగిపోతుంది' అన్నావంటే చచ్చేదాకా మంచం దిగడు. భయమే నొప్పై కూర్చుంటుంది."

"తెలుసక్కా. నాలిక చివరే ఉంది ఆ మాట."

ఉన్నదాన్ని మింగేసి బయటికి వచ్చింది. ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీ నొప్పి నిజమేనండీ," అంది.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నడుం ఎప్పుడో బాగైపోయింది. మీ నరాలకే ఆ సంగతి తెలియలేదు. దొంగ వెళ్లిపోయినా కుక్క మొరుగుతూనే ఉందన్నమాట. కుక్కను కొడితే నోరు మూస్తుందా? భయం లేదని మెల్లగా నచ్చచెప్పాలి. చెబుదాం."

అలా మొదలైంది. మొదటి వారం ఊపిరి నిదానంగా పీల్చి వదలడమే. రెండో వారం నుంచి నిలబెట్టింది. నడుము ఎత్తున ఉన్న కొయ్య కమ్మీ పట్టుకుని ఐదు నిమిషాలు, ఇరవై, గంట, పోనుపోను మూడు గంటలు. దిండు లేని గట్టి బల్ల మీద అరగంట, గంట, రెండు గంటలు. మెట్లు ఒక అంతస్తు, తరవాత మూడు.

ఎవరైనా గొంతు పెంచి మాట్లాడితే నడుం పట్టేస్తోందని ఆయన చెప్పాడు. దానికీ ఆమె దగ్గర మందుంది. ఆయన్ని కమ్మీ దగ్గర నిలబెట్టి గట్టిగా అడిగేది.

"పేరు? వయసు? ఏం ఉద్యోగం చేశారు? రోజుకు ఎంతమందిని చూసేవారు? ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు?"

మొదట్లో రెండో ప్రశ్నకే మెలికలు తిరిగిపోయేవాడు. రెండు నెలలయ్యేసరికి పొల్లుపోకుండా జవాబులు చెప్పి, "నొప్పి రాలేదమ్మా!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఆమె కోపం తగ్గిందనుకునేరు. ఇసుమంత కూడా తగ్గలేదు. ఆయన వీపు మీద చెయ్యి వేసినప్పుడల్లా మూడు స్టాంపులూ గుర్తొచ్చేవి. "నువ్వు నా కూతురి లెక్క తల్లీ" అని ఆయన అన్నరోజు, పళ్లు నూరుకుంటూనే నడుం నిమిరింది.

"నీది ఎంత మంచి మనసే! నేనైతే గొంతు పిసికేదాన్ని," అంది పెద్ద థెరపిస్టు.

ఆమె మర్నాడు ఆయన ఎక్కాల్సిన మెట్లు లెక్కేసుకుంటోంది.

నాలుగో నెల చివర్లో ఆయన ఏ గోడా పట్టుకోకుండా నడిచి వచ్చాడు. మూడంతస్తులు ఎక్కినా ఆయాసం లేదు. అయినా వెళ్లడానికి తటపటాయించాడు. జేబులోంచి అడ్రసు రాసి ఉన్న కవరు తీశాడు.

"చిన్న సాయం చెయ్యాలి తల్లీ. నా నొప్పి ఏమీ తగ్గలేదనీ, నిలబడలేననీ, కూర్చోలేననీ ఒక కాగితం రాసివ్వాలి. ఆర్నెల్లకోసారి పంపిస్తుంటాను. ఊరికే, ఆఫీసు పని."

ఆమె కవరు అందుకుంది. ఆ అడ్రసు ఆమెకు కంఠతా వచ్చు.

"దానికేం భాగ్యం! రాసి నేనే స్వయంగా అందజేస్తాను."

"ఎంత శ్రమ నీకు!" అంటూ దీవించి, మెట్లు చకచకా దిగి వెళ్లిపోయాడు.

ఆమె తీరిగ్గా కూర్చుని రాసింది. 'నొప్పి పూర్తిగా తగ్గింది. మూడు గంటలు ఆగకుండా నిలబడగలరు. గట్టి బల్ల మీద ఎంతసేపైనా కూర్చోగలరు. ఎవరు ఎంత గట్టిగా అడిగినా జవాబు చెప్పగలరు.' సంతకం పెట్టి, కింద ఆస్పత్రి స్టాంపు వేసి, కవరు అంటించింది.

మర్నాడు పదిన్నరకల్లా ఆ కవరు, ముద్దాయి బోనులో నిలబడలేడన్న ఒక్క కారణంతో ఆరేళ్లుగా ఆమె తల్లి చావు కేసును వాయిదా వేస్తూ వచ్చిన జడ్జిగారి చేతికి అందింది.