హోసియత్ వంతు నీళ్ళు

పార భుజాన వేసుకుని హోసియత్ కాలువ గట్టు మీద పరుగున వచ్చింది. ఫెర్గానా లోయ ఎండల్లో వారానికొక్కసారి వచ్చే నీటి వంతు ఆవేళ తనది. ఆ నీళ్ళన్నీ పక్కింటి జులైహో మొక్కజొన్న చేలోకి పారుతున్నాయి.

"సిగ్గులేదుటే? నా చేను ఎండగట్టి నీది తడుపుకుంటావా, దొంగదానా!"

"నోరు అదుపులో పెట్టుకో వదినా! నీళ్ళు మళ్ళించింది నేను కాదు, మీ ఆయన!"

మొక్కల మధ్య నుంచి హోసియత్ భర్త బోతిర్ లేచి నిలబడ్డాడు. కాళ్ళనిండా బురద.

"వీళ్ళ కంకులకు పీచు వచ్చేసింది. ఇప్పుడు తడి లేకపోతే గింజ పట్టదు. మనం ఆలస్యంగా వేశాం, మన చేను వచ్చే వారందాకా ఆగుతుంది. అప్పుడు తన వంతు మనకిస్తానంది."

"మరి నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"నువ్వు ఒప్పుకోవని..."

అంతవరకూ నీళ్ళ మీదున్న కోపమంతా అతని మీదికి తిరిగింది.

"అడక్కుండానే ఒప్పుకోనని మీరే తేల్చేశారా? ఇన్నేళ్ళ కాపురంలో నన్ను తెలుసుకున్నది ఇంతేనా? మీ మూలంగా ఇరుగుపొరుగు మనిషిని దొంగని చేశాను!"

జులైహో ఏదో సర్దిచెప్పబోయింది.

"నువ్వు మాట్లాడకు! నువ్వైనా వచ్చి నన్ను అడగొచ్చుగా?"

హోసియత్ విసురుగా జులైహో చేలోకి దిగి, అవతలి గట్టుకు పడిన గండిని మట్టితో పూడ్చసాగింది.

"నీళ్ళిలా బయటికి పోతుంటే ఇద్దరికీ కళ్ళు కనబడ్డంలేదా?"